పనిముట్ల సంగతీ ఆలోచించాలి

సంపాదకులకు,

అయ్యా,

మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి మనుషులను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ గురించి తరచు చదువుతున్నాం గానీ, ఎప్పటికైనా అంతరిక్షంలో ఎవరికైనా ఆపరేషన్ చేయవలసి వస్తే ఏ పనిముట్లతో చేస్తారన్న చర్చ మాత్రం అంతగా కనబడదు. ఆపరేషన్ థియేటర్‌లో పనిముట్లు కడిగి, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెట్టే ఉద్యోగిని కనుక నాకు ముందు తోచేది అదే. 1998లో అమెరికా షటిల్ కొలంబియాలో ఎలుకలకు శస్త్రచికిత్స చేసి చూశారు. భారరహిత స్థితిలో ట్రేలో పెట్టిన కత్తెర ట్రేలో ఉండదు, అయస్కాంతంతోనో వెల్క్రోతోనో పట్టి ఉంచాలి. రక్తం కిందికి కారక గాయం మీదే గుండ్రంగా పేరుకుంటుంది కనుక దాన్ని గొట్టంతో పీల్చి తీసే సక్షన్ పద్ధతినీ మార్చుకోవాలి. అదే ఎంఆర్‌ఐ గదిలోనైతే అయస్కాంతమే ప్రమాదం. అక్కడికి అయస్కాంతం లాగని టైటానియం పనిముట్లు కావాలి.

అంత దూరం ఎందుకు, లద్దాఖ్ వంటి ఎత్తైన చోట బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, ఆటోక్లేవ్ గేజీ మామూలుగా 15 పౌండ్ల ఒత్తిడి చూపినా లోపల 121 డిగ్రీల వేడి రాదు. ఒత్తిడి పెంచాలని తెలియకపోతే, ఫోర్సెప్స్ (పట్టకారు) కీలు సందులో దాగిన క్రిములు చావవు.

ఏర్పేడు దగ్గర ఐఐటీ, తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి, తీరాన శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ ఉన్న జిల్లా మనది. ఈ మూడూ కలిసి ఇటువంటి పనిముట్ల రూపకల్పన చేపట్టాలనీ, అందులో థియేటర్ సిబ్బందినీ కూర్చోబెట్టాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక థియేటర్ టెక్నీషియన్,
తిరుపతి