తొమ్మిదో నెల టీకా జారిపోతోంది

సంపాదకులకు,

మా పర్లాకిమిడి వైపు పురిటికి శ్రీకాకుళం జిల్లాలోని పుట్టింటికి వెళ్ళే కోడళ్ళు ఎక్కువ. తొలి టీకాలు అక్కడ పడతాయి, తర్వాతివి ఇక్కడ ఒడిశాలో పడాలి. ఈ రాకపోకల్లో జారిపోయేది తొమ్మిదో నెల మీజిల్స్ (తట్టు)-రుబెల్లా టీకా. అడిగితే "తల్లి బలం ఉందిగా" అంటారు పెద్దవాళ్ళు. ఆ బలం అరువు సొమ్ము. కడుపులో ఉండగా మాయ ద్వారా బిడ్డకు చేరిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కొన్ని నెలల్లోనే తరిగిపోతాయి. అవి నిండుగా ఉన్నప్పుడు టీకా వేస్తే దాన్నే అడ్డుకుంటాయి, అందుకే తొమ్మిది నెలలు నిండేదాకా ఆగుతారు. అప్పటికీ కొందరు పిల్లల్లో రక్షణ ఏర్పడదు. 16-24 నెలల మధ్య రెండో మోతాదు అందుకోసమే.

తల్లిపాల బలం చాలదా అంటారా, ముర్రుపాలు పట్టాల్సిందే (పారబోసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి!). కానీ అందులోని ప్రతిరక్షకాలు ముఖ్యంగా పేగుల్లో, గొంతులో కాపలా కాస్తాయి. తట్టును ఆపడం వాటి పని కాదు.

అటు టీకా కార్డు తెలుగులో, ఇటు ఒడియాలో. రెండూ చదవగలిగే తల్లులు తక్కువ. సరిహద్దు మండలాల్లోనైనా రెండు లిపుల్లో కార్డు అచ్చు వేయించాలని, పుట్టింటి నుంచి తిరిగొచ్చిన బాలింతల వివరాలు ఇరువైపుల ఆశా కార్యకర్తలు ఒకరికొకరు చెప్పుకునే ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా