చిన్ని పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్ట్‌లు ఇంట్లోనే చేస్తున్నామే

ఏమే పద్దూ,

ఎలా ఉన్నావే, పిన్ని మోకాళ్ల నొప్పులు తగ్గాయా, వేడినీళ్ల కాపడం పెడుతున్నారా? ఇక్కడ వానలే వానలు, మల్కాజ్‌గిరిలో మా గల్లీలో మోకాలి లోతు నీళ్లు, అయినా నాకు ఊపిరి సలపనంత పని. చిన్నికి ఐదో పుట్టినరోజు వస్తోంది కదా, ఈసారి రిటర్న్ గిఫ్ట్‌లు మేమే చేస్తున్నాం. మా ఆయన బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా డజన్ల లెక్కన తెచ్చేద్దాం అన్నారు, అక్కడ దొరకనిది లేదు నిజమే, కానీ ఆ ప్లాస్టిక్ కార్లూ విజిళ్లూ ఇంటికెళ్లేలోపే విరిగిపోతాయి, పిల్లలు ఏడుస్తారు, తల్లులు చెత్తలో పారేస్తారు. పిల్లలు పది రోజులైనా ఆడుకోవాలే, నాకు కావాల్సింది అదే.

సంచులతో మొదలెట్టాం. మా బ్లౌజులు కుట్టే ఆంటీ దగ్గర మిగిలిన ముక్కలు మూటెడు ఇచ్చింది, కలంకారీ, మంగళగిరి, అంచు ముక్కలు, ఎంత బావున్నాయో. ఆరంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల పొడవు ఉండేలా కుట్టి, పైన బొందుకి అంగుళం మడత వదిలేస్తున్నాం. మా అత్తయ్య మిషన్ తొక్కుతుంటే చిన్ని పక్కన కూర్చుని బొందు చివర పిన్నీసు గుచ్చి ఆ మడతలోంచి నెమ్మదిగా పాక్కుంటూ లాగుతోంది, నాలుక కొంచెం బయటపెట్టి మరీ. జనరల్ బజార్‌లో కొన్న రంగురంగుల బొందులు తప్ప వీటికి ఖర్చే లేదు.

లోపల పెట్టడానికి ఆడుకునే పిండి ముద్దలు చేస్తున్నా, నువ్వూ చెయ్యి మీ బుడ్డోడికి. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, రెండు కప్పుల నీళ్లు, రెండు పెద్ద స్పూన్ల నూనె, ఒక నిమ్మకాయ రసం, అన్నీ ఉండలు లేకుండా కలిపి సన్నమంట మీద సంకటి కెలికినట్టు కెలుకుతూ ఉండు, గిన్నెని వదిలేసి ముద్ద అయ్యాక దించి గోరువెచ్చగా ఉన్నప్పుడే బాగా మర్దించాలి. రంగు మాత్రం దించాకే కలుపు, బీట్‌రూట్ రసం మంట మీద ఉంటే గోధుమ రంగులోకి తిరిగిపోతుంది. పసుపు రంగుకి పసుపే. నిమ్మరసం వెయ్యని ముద్ద ఒకటి పక్కన పెట్టి అందులో పసుపూ, కొంచెం వంటసోడా వేస్తే ఎర్రగా మారుతుంది, పసుపూ సున్నం కలిపితే పారాణి వచ్చినట్టేనే, చిన్ని అది చూసి మళ్ళీ మళ్ళీ చెయ్యమంటోంది.

ఉప్పు ఎక్కువ కాబట్టి తొందరగా పాడవదు కానీ అదే ఉప్పు గాల్లో తేమని లాగేసుకుంటుంది, ఈ వానల్లో మూత సరిగ్గా లేకపోతే జిగురొచ్చేస్తుంది, అప్పుడు కొంచెం పొడి మైదా అద్దితే సరి. గట్టి మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచమని చీటీ రాస్తున్నా. కుక్కలున్న ఇళ్లకి విడిగా ఫోన్ చేసి చెప్తా, అంత ఉప్పు వాటికి ప్రమాదం.

ఇంకోటి మెంతులు. కాగితంలో కిరాణా కొట్టు పొట్లంలా కట్టిస్తున్నా, నానబెట్టి మట్టిలో చల్లితే రెండుమూడు రోజుల్లో మొలకలొస్తాయి, పిల్లలకి అంత ఓపిక చాలు కదా. పొట్లాల మీద చిన్ని బెండకాయ అచ్చులు వేసింది, తొడిమ దగ్గర అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. వచ్చే 14 మందిలో ఇద్దరు మూడేళ్ల లోపు వాళ్లే, వాళ్లకి మాత్రం మెంతులూ పిండీ కాదు, గుడ్డలు కుక్కి గట్టిగా కుట్టిన బంతులిస్తా, ఆ వయసు పిల్లలు దొరికింది నోట్లో పెట్టేస్తారు. బటన్ బ్యాటరీలతో వెలిగే ఉంగరాలైతే ఏ వయసు వాళ్లకీ వద్దే వద్దన్నాను, ఆ బిళ్ల మింగితే లోపల కాలిపోతుంది.

ఇప్పుడు నీతో పని. నువ్వు అనకాపల్లిలోనే ఉన్నావు కదా, ఏటికొప్పాక మీకు దగ్గరే. అక్కడ అంకుడు కర్రతో చేసి లక్క రంగులేసే బొంగరాలు ఉంటాయి చూడు, నున్నగా మెరుస్తూ, చేత్తో తిప్పేవి, తాడు అక్కర్లేనివి. పెద్దపిల్లలకి తలా ఒకటి చొప్పున 12 కావాలి. చెట్ల నుంచి తీసిన రంగులతో చేసినవే అడుగు, అవి కొంచెం ఖరీదైనా పరవాలేదు, చేసిన వాళ్ల దగ్గరే కొను, బేరం ఆడకు. డబ్బు ముందే పంపుతా, ఫోన్‌పే నంబర్ మారిందేమో చెప్పు. శ్రావణ శుక్రవారం లోపు కొరియర్ చేస్తే చాలు, పైన బియ్యం సంచి గుడ్డ చుట్టు, పార్సిల్‌లో ఒకదానికొకటి తగిలి లక్క పెచ్చులూడకుండా.

బుడ్డోడికి ముద్దులు, పిన్నికి నమస్కారాలు.

నీ లల్లి