గోడ మీద చీటీలు

అక్కా,

మొన్న ఫోన్‌లో "మూడు రోజులు గోడకి కాగితాలు అతికించినందుకు నీకు జీతమా?" అని నవ్వావు కదా. నీకూ కొత్త ప్రాజెక్టు అప్పజెప్పారన్నావుగా, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మా ప్రాజెక్టు పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారడం. మొదటి రోజు ఒక్కో మైల్‌స్టోన్‌కి, అంటే దారిలో చేరుకోవాల్సిన ఒక్కో ఘట్టానికి, ఒక్కో పసుపు చీటీ రాస్తే 41 తేలాయి. అందులో దాదాపు సగం అసలు మైల్‌స్టోన్లే కావు. "టెస్టింగ్ చేయడం" అంటే పని. "టెస్టింగ్ ముగిసింది, కస్టమర్ సంతకం పెట్టారు" అంటే మైల్‌స్టోన్. పనికి రోజులు పడతాయి, మైల్‌స్టోన్‌కి వ్యవధే ఉండదు. పనుల్ని తేదీల వారీగా చూపే గాంట్ చార్టులో పనికి పట్టీ గీసి, మైల్‌స్టోన్‌కి చిన్న డైమండ్ గుర్తు పెట్టేది అందుకే. 1958లో అమెరికా నేవీ పొలారిస్ క్షిపణుల కోసం తయారుచేసిన పెర్ట్ అనే ప్లానింగ్ పద్ధతిలోనూ అంతే, బొమ్మలో బాణాలు పనులు, వృత్తాలు ఘట్టాలు. అలా ఏరితే 22 మిగిలాయి.

వాటిని టీముల వారీగా వరసలు పెట్టాం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఇంతలో మేనేజర్ వచ్చి "పాత డేటా అంతా కొత్త సిస్టమ్‌లోకి ఎప్పటికి వస్తుంది?" అన్నారు. జవాబు కోసం నాలుగు వరసలూ వెతకాల్సి వచ్చింది! మర్నాడు అన్నీ పీకేసి, ఎవరు చేస్తారని కాకుండా ఏం సాధించాలని చూసి గుంపులు కట్టాం: డేటా తరలింపు, భద్రత, యూజర్ల శిక్షణ, కొత్త సిస్టమ్‌కి మారే రోజు. వీటినే ఇక్కడ ఫోకస్ ఏరియాలంటారు. నాలుగైదు దాటితే ఎవరికీ గుర్తుండవు, నా మాట విను.

"యూజర్ పర్మిషన్లు ఖరారు" అనే చీటీ మాత్రం మమ్మల్ని ఏడిపించింది. అది భద్రతకి కావాలి, అది లేనిదే శిక్షణ మొదలవదు. అటూ ఇటూ మార్చీ మార్చీ జిగురు పోయి కింద పడింది. రెండు చోట్లా పెడదామన్నారు ఒకరు. నేను ఒప్పుకోలేదు. పోయిన ప్రాజెక్టులో అలాగే పెట్టాను, వాళ్ళు చేస్తారని వీళ్ళూ, వీళ్ళు చేస్తారని వాళ్ళూ ఊరుకున్నారు. చివరి వారంలో ఎంత టెన్షన్ పడ్డానో నీకు తెలుసు. ఈసారి భద్రత కింద ఒకే పేరు రాసి, శిక్షణకి ఒక గీత లాగాం.

చివరికి ఎక్కడా ఇమడని చీటీ ఒకటి మిగిలింది: "పాత సిస్టమ్ ఆపేశాం". ఎవరు ఆపుతారని అడిగితే గదిలో ఒక్కరూ నోరు విప్పలేదు. మూడో రోజంతా దానికే సరిపోయింది.

నీ చీటీలు గోడ ఎక్కాక ఫోటో పంపు. విడిగా మిగిలిపోయినవి కూడా ఫోటోలో పడేట్టు తియ్యి.

నీ తమ్ముడు