బుకింగ్ కిటికీ రావడం లేదు

ఉగాదికి మా కొత్త సమోసా షాపు తెరుస్తామని అందరికీ చెప్పి, ఆ రోజు షట్టరు దింపుకుని కూర్చున్నాం. గాజువాక నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లున్నారు. క్షమించండి. 'త్వరలో' అని బోర్డు పెట్టి తప్పించుకోవడం నాకు చేతకాదు. అందుకే జరిగింది రాస్తున్నాను.

సినిమా హాలు మూసేశాక అందులోని మా క్యాంటీనూ పోయిందని మీకు తెలుసు. హాలు పేరు రాయను, ఓనరుగారి పిల్లలతో నాకు తగువు లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి కప్పు రేకులు ఎగిరిపోతే మళ్లీ వేయించారు. ఉప్పు గాలికి ఇనుప దూలాలు పొరలు పొరలుగా రాలుతుంటే ఏటేటా రంగులు వేయించారు. అన్నదమ్ములు నలుగురు, మ్యాట్నీకి పట్టుమని వంద మంది లేరు, స్థలం రేటేమో అలా ఉంది. వాళ్లని ఏమనగలను? మన విశాఖలో హాళ్ల పేర్లు ఎలాగూ అడ్రసులైపోయాయి. జగదాంబ పేరు జంక్షనుకి వచ్చింది హాలు వల్లే. రామాటాకీస్ అంటే బస్టాపు అనుకునే మనవలు మా ఇంట్లోనే ఉన్నారు.

నేను అడిగింది మూడే వస్తువులు. బుకింగ్ కిటికీ, బాల్కనీలోని పన్నెండు కుర్చీలు, ఇంటర్వెల్ గంట. పూర్ణా మార్కెట్ వెనక సందులో తీసుకున్న కొత్త షాపులో వాటిని బిగించి, సమోసాలు ఆ కిటికీలోంచే ఇవ్వాలనుకున్నాను. కూల్చే కాంట్రాక్టరు దగ్గర పాత కలపంతా గుత్తకి కొన్న వ్యాపారికి నలభై వేలు అడ్వాన్సు ఇచ్చాను. కిటికీ మీద సుద్దముక్కతో నా పేరు కూడా రాశాడు. నా కళ్లముందే రాశాడు.

ఉగాదికి పది రోజుల ముందు నుంచి ఫోనెత్తడం మానేశాడు. గోడౌనుకి వెళ్తే సుద్ద రాత లేదు, కిటికీ లేదు. ఏదో రిసార్టు వాళ్లు రెట్టింపు ఇచ్చి కుర్చీలతో సహా పట్టుకుపోయారట. గంట సంగతి అడిగితే ఇత్తడి తూకానికి వేసేశానన్నాడు. ఆ మాట చెబుతూ టీ తాగుతారా అని కూడా అడిగాడు. పాతిక వేలు తిరిగి ఇచ్చాడు, మిగతాది నెలాఖరుకట. ఏ నెలాఖరో చెప్పలేదు.

"ఏటి గురువుగారూ, దీనికి అంత టెన్షనెందుకు? అచ్చం అలాంటిదే చేయించేస్తాను. ముదురు పాలిష్ కొడితే బ్రహ్మకి కూడా తెలీదు" అన్నాడు. ఆ కిటికీ అడుగు చెక్కకి నలభై ఏళ్లు చేతులు రాసుకుని రాసుకుని చిన్న గొయ్యి పడింది. పావలాలు, రూపాయలు, నలిగిన పదులు అన్నీ ఆ గోతిలోంచే జారాయి. దాన్ని రంపంతో కోయిస్తాడా?

అబద్ధమెందుకు, మూడు రాత్రులు నిద్రలేకుండా ఆలోచించాను. అద్దె రెండు నెలలది కట్టేశాను, కిటికీ కొలతకే గోడ కూడా కొట్టించేశాను. మా అబ్బాయి చేయించేద్దామనే అన్నాడు. "కలకత్తాలో స్టార్ థియేటర్ 1991లో కాలిపోతే, ముందు గోడ పాతది ఉంచి లోపలంతా కొత్తగా కట్టలేదా నాన్నా? 2004లో తెరిస్తే జనం వెళ్లలేదా?" అని ఫోనులో ఫొటోలు చూపించాడు. నిజమే, వెళ్లారు. కానీ వాళ్లు కాలిపోయిందని లోకానికి తెలిసి కట్టారు. నువ్వు కాలనట్టు కడదామంటున్నావురా అన్నాను. వాడికి కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. అదే కలకత్తాలో 1907లో మొదలైన ఎల్ఫిన్‌స్టన్, తర్వాత చాప్లిన్ అన్న పేరుతో నడిచిన హాలుని 2013లో నేలమట్టం చేశారు. మద్రాసులో 1913 నాటి ఎలక్ట్రిక్ థియేటర్ మాత్రం మౌంట్ రోడ్డు మీద ఇంకా ఉంది. అందులో ఇప్పుడు తపాలా బిళ్లలు అమ్ముతారు, అది సినిమా హాలుగా వేషం వేయడం లేదు. నాకు అది నచ్చింది. మొండితనం అంటారా, అనండి.

కాబట్టి నకలు కిటికీ పెట్టడం లేదు. గోడలో కన్నం ఉంది, దానికి మామూలు ఇనుప గ్రిల్లు బిగించాను. కూర్చోడానికి స్టీలు బల్లలు. మా సొంతమంటూ హాల్లోంచి తెచ్చుకున్నవి సమోసా మూకుడు, టోకెన్ల రేకు డబ్బా, అంతే. 'పాత హాలు క్యాంటీన్' అన్న బోర్డు కూడా చెరిపించేశాను.

వచ్చే గురువారం పొద్దున్న తెరుస్తున్నాం. ఉల్లి సమోసా అదే చేతిది, అదే సైజు. సెకండ్ షో వదిలాక వచ్చేవాళ్లు లేరు కాబట్టి రాత్రి తొమ్మిదిన్నరకి కట్టేస్తాం.

ఇక డబ్బు సంగతి. కుర్చీల మీద మీ పాత సీటు నంబర్లే రాయిస్తానని పదకొండు మంది దగ్గర ఐదేసి వందలు తీసుకున్నాను. ఆ వ్యాపారి నాకిచ్చినా ఇవ్వకపోయినా మీది మీకు ఇచ్చేస్తాను, బదులుగా సమోసాలు తీసుకోమని అనను. పది మంది పేర్లు పుస్తకంలో ఉన్నాయి. ఒక్కరివి మాత్రం హడావిడిలో 'బి-14, పక్కది కూడా ఖాళీగా ఉంచాలి' అని రాసుకున్నాను, పేరు రాయలేదు. ఆ సీటు ఎవరిదో వచ్చి చెప్పండి.