ఏ మంచు గురించి రాశారో కాస్త చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో మొక్కల గురించి వేసిన చిన్న ముక్క చదివాను. మంచు పడుతోంది కాబట్టి రాత్రుళ్ళు మొక్కలకి ప్లాస్టిక్ కవర్ కప్పండి అని ఒక్క లైన్, అంతే, ఏ ఊళ్ళో, ఏ మొక్కకి, ఎలా అనేది ఏమీ లేదు. అది చూసి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సగం కుండీలకి కవర్లు తొడిగేశారు. మా పక్కింటావిడ అయితే తమలపాకు తీగకి పెద్ద కవర్ వేసి మొదలు దగ్గర పురికొస కట్టేసింది, నాలుగు రోజులకి విప్పి చూస్తే లోపలంతా చెమట పట్టి, ఆకుల మీద నల్ల మచ్చలు, చివర్లు మెత్తగా కుళ్ళిపోయి ఉన్నాయి.

మన చిక్కేంటంటే పొద్దున్నే గడ్డి మీద ఉండేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, ఆకుని గడ్డకట్టించి చంపేదీ మంచే. బెంగళూరులో ఇప్పటిదాకా రికార్డయిన అతి తక్కువ టెంపరేచర్ 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరిలో, అంటే ఆకుని గడ్డకట్టించే మంచు ఇక్కడ పడదు. మా మదనపల్లె వైపు మంచు పడితేనే అనపకాయకి వాసన అంటారు, దానికీ కవర్ తొడుగుదామా? ఇక్కడ చలికాలంలో కుండీ మొక్కలు పోయేది ఎక్కువగా నీళ్ళ వల్ల, ఎండాకాలంలో లాగే రోజూ చెంబులు చెంబులు పోస్తే మట్టి ఆరదు, వేర్లు కుళ్ళిపోతాయి. వేలు గుచ్చి చూసి లోపల పొడిగా ఉంటేనే పోయాలి.

నిజంగా కప్పాల్సిన చలి ఎలా ఉంటుందో నేను డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో చూశాను. పెరట్లో నడుమెత్తు కరివేపాకు చెట్టు, ఆ రాత్రి మైనస్ రెండు అన్నారు, మబ్బు లేదు గాలి లేదు (అలాంటి రాత్రే ఎక్కువ డేంజర్, నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది), నేనూ అల్లుడూ కలిసి ప్లాస్టిక్ షీటు చుట్టి మొదట్లో తాడుతో బిగించాం. పొద్దున చూస్తే షీటుకి తగిలిన ఆకులన్నీ ఉడకబెట్టినట్టు ముదురు పచ్చగా, అద్దంలా అయిపోయి, మధ్యాహ్నానికి నల్లబడ్డాయి, లోపలి ఆకులు మాత్రం బాగానే ఉన్నాయి. ఆకులో నీళ్ళు గడ్డకట్టి కణాలు చిరిగిపోతే అంతే, ఇక ఆ ఆకు కోలుకోదు.

రెండో రాత్రి నాలుగు కర్రలు పాతి, ఆకులకి తగలకుండా పాత నూలు దుప్పటి నేల దాకా దించి, అంచుల మీద రాళ్ళు పెట్టాం. మొక్కని కాపాడేది దుప్పటి కాదండీ, నేలలోంచి పైకొచ్చే వేడి, దాన్ని పోనీయకుండా పట్టుకోవడమే దుప్పటి పని, మొదట్లో తాడు బిగిస్తే ఆ వేడి లోపలికి వచ్చేదెలా? తడిమట్టి వేడిని ఎక్కువ దాచుకుంటుంది కాబట్టి మధ్యాహ్నమే నీళ్ళు పోశాం. లోపల సీరియల్ బల్బులు పెడదామన్నాడు అల్లుడు కానీ అవి ఎల్ఈడీవి, వాటికి వేడి ఎక్కడిది, పాతకాలం బల్బులైతే పనికొచ్చేవి. ఎండ రాగానే దుప్పటి తీసేయాలి. ఎండిన కొమ్మలు అప్పుడే కొట్టేస్తానంటే నేనే ఆపాను, చలి పూర్తిగా పోయాక మార్చిలో కింది నుంచి చిగురేసింది. అయినా 2021 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 19 దాకా పడిపోయింది, అంత చలికి ఏ దుప్పటీ ఆగదు, కుండీలో ఉన్నవి ఇంట్లోకి తెచ్చుకోవాల్సిందే.

కాబట్టి ఈసారి వేసేటప్పుడు ఇది లంబసింగి వాళ్ళకో, ఊటీ వాళ్ళకో, అమెరికాలో ఉన్న పిల్లలకో అని ఒక మాట చేర్చండి. పక్కింటావిడ తీగలో బాగున్న కణుపులు చూసి నాలుగు ముక్కలు కత్తిరించి కొత్త కుండీలో గుచ్చాం, రెండు బతికేలా ఉన్నాయి.

— ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు