బోర్డులు పెట్టించండి, అవగాహన సంగతి తర్వాత

అయ్యా,

జనం డాక్టరు చదువు చూడటం లేదని, బయట క్యూ చూసి లోపలికి వెళుతున్నారని, అంతా అవగాహనా లోపమని ఓ అధికారిగారు సెలవిచ్చినట్టు పోయిన వారం మీ పత్రికలో వచ్చింది. చదివి ఊరుకుందామనుకున్నాను, మనసొప్పలేదు.

నిజమే, మా పర్లాకిమిడిలో డాక్టరుకి మార్కులు వేసే పద్ధతే వేరు. సూది వేస్తే మంచి డాక్టరు, సెలైను ఎక్కిస్తే దేవుడు. మొన్న మా వీధిలో ఒకావిడకి జ్వరం వస్తే, ‘వైరల్ అమ్మా, పారాసెటమాల్ వేసుకుని నీళ్లు బాగా తాగు’ అన్నాడు ఓ కుర్ర డాక్టరు. ‘ఈ మాటకి ఎంబీబీఎస్ ఎందుకు?’ అని ఆవిడ అటునుంచటే ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి సూది పొడిపించుకుంది. తగ్గే జ్వరం తగ్గింది, హస్తవాసి మంచిదన్న పేరు ఆయనకొచ్చింది.

కానీ మరెలా ఎంచుకోవాలండీ? రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ మందుల చీటీ మీదా ఉండాలని, ఫీజు బోర్డు మీద రాయాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. ఆ అధికారిగారు ఓ సాయంత్రం మా బజారులో నడిచి చూడాలి. బోర్డు నిండా డిగ్రీలే, నంబరు కనబడదు. ఫీజెంతో కాంపౌండరు నోట వినాల్సిందే. ఇక చీటీ మీది రాత మందుల షాపు కుర్రాడికి తప్ప బ్రహ్మదేవుడికైనా అంతుపట్టదు.

నొప్పి మాత్రలు మితిమీరితే కిడ్నీలకి చేటని కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానానికి ఇంత దగ్గరలో ఉన్న మాకు ఒకరు చెప్పాలా? అయినా చిల్లర బదులు చాక్లెట్లు ఇచ్చినట్టు ఇచ్చేస్తున్నారు. ఎవరైనా తనిఖీకి వచ్చారా? వస్తారు, ఫొటోలకి.

సర్కారు డాక్టరు మంచివాడని పేరు తెచ్చుకునేలోపు బదిలీ. వచ్చే కొత్తాయనకి తెలుగు రాదు, మా ముసలమ్మలకి ఒడియాలో గుండెల్లో మంట, కడుపుబ్బరం విడమరిచి చెప్పడం రాదు. ఊరు 1936లో ఒడిశాలో కలిసింది. ఇన్నేళ్లకీ తెలుగు తెలిసిన ఒక నర్సునైనా పక్కన కూర్చోబెట్టాలని ఎవరికీ తోచలేదు. సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం పోతే మాట కలుస్తుంది, కానీ పెద్ద జబ్బయితే అక్కడి సర్కారు ఉచిత వైద్య పథకం ఆ రాష్ట్రం వాళ్లకే.

మీ పత్రికా తక్కువేం తినలేదు. ఆ వార్త వచ్చిన రోజే లోపలి పేజీలో ‘షుగరు శాశ్వతంగా మాయం’ అని ప్రకటన! అలాంటివి వేయకూడదని 1954 నుంచీ చట్టముంది. ఈ ముక్క కత్తిరించకుండా లేఖ వేస్తారని ఆశిస్తాను.

— ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా