మెస్ మానేసి చదువుతున్న మా చిన్నోడికి

తిరుపతి,
ఆదివారం

చిన్నోడా,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా మెదులుతూనే ఉంది. "మనసు వేరు, శరీరం వేరమ్మా. మనసు గట్టిగా ఉంటే ఒళ్ళు దానంతటదే దారికొస్తుంది" అన్నావు. రాత్రి భోజనం మానేసి చదువుతున్నానని కూడా చెప్పావు, అదేదో ఘనకార్యమైనట్టు. ఫోన్‌లో వాదిస్తే నువ్వే నెగ్గుతావు, అందుకే రాస్తున్నా.

నువ్వు ఇంటర్లో ఉన్నప్పుడు ఒక ఏడాది నేను మనిషిలో లేను, గుర్తుందా? పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడేదాన్ని. మీ అవ్వ "మనసు దిటవు చేసుకోవే" అనేది. మొక్కుకున్నాను, నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక డాక్టరు టెన్షన్ అని నిద్రమాత్రలు రాసిచ్చాడు. చివరికి రక్తపరీక్షలో థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని తేలింది. పరగడుపున 50 మైక్రోగ్రాముల మాత్ర. అంటే మందు గ్రాములో ఇరవై వేలో వంతు, ఒక ఉప్పు రవ్వంత! రెండు నెలలకు నేను కూనిరాగం తీస్తుంటే మీ నాన్న వంటింట్లోకి తొంగిచూశారు. ఏడాదిపాటు నా మనసు పిరికిదనుకుని ఏడ్చానే, తప్పంతా మెడలోని చిన్న గ్రంథిదా అని ఒళ్ళు మండింది.

నువ్వన్నది డెకార్ట్ అనే ఫ్రెంచి తత్వవేత్త మాట. ఆయన 1641లో పుస్తకం రాస్తే, 1643లో ఎలిజబెత్ అనే రాకుమారి ఉత్తరం రాసి అడిగింది: తాకడానికి ఏమీ లేని మనసు ఒంటినెలా కదిలిస్తుందని. ఆయన జవాబులు ఆమెకు మింగుడుపడలేదు. నాకూ పడలేదు.

మనవాళ్ళ లెక్క వేరే. గీత ఏడో అధ్యాయంలో మట్టి, నీళ్ళ వరసలోనే మనసునూ చేర్చారు. ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడనే ఋషి ఇంకా ముందుకెళ్ళి, మనసు అన్నంతో అయినదేనన్నాడు. ఊరికే చెప్పి వదల్లేదు. పన్నెండేళ్ళు వేదం చదివొచ్చిన కొడుకు శ్వేతకేతుణ్ణి పదిహేను రోజులు అన్నం ముట్టకుండా నీళ్ళు మాత్రమే తాగమన్నాడు. పదహారో రోజు వల్లించమంటే పిల్లాడికి ఒక్క ముక్క గుర్తురాలేదు. పెద్ద మంటలో మిణుగురంత నిప్పు మిగిలినట్టు నీలో ఒక్క వంతే మిగిలింది, పోయి తినిరా అన్నాడు తండ్రి. తిన్నాక అన్నీ గుర్తొచ్చాయి. పరీక్షల ముందు తిండి మానేసే నీకు ఈ కథ ఎవరూ చెప్పలేదేమో!

అలాగని నీ మాట మొత్తం కొట్టేయలేను. పోయినేడు అలిపిరి మెట్లెక్కానా, మోకాళ్ళ మెట్టు దగ్గర గోవిందా అనుకుంటూ ఎక్కేస్తుంటే నొప్పే తెలియలేదు. అలాంటప్పుడు మెదడే నొప్పిని అణిచే మందు తయారుచేసుకుంటుందట. మర్నాడు ఆ నొప్పి వడ్డీతో సహా వచ్చిందనుకో. మంచం దిగలేదు.

ఒక్కటి మాత్రం నాకింకా తెగలేదు. ఆ ఏడాది దిగులు ఎందుకొచ్చిందో రక్తపరీక్ష చెప్పింది. దిగులుగా ఉందని లోపల నాకు తెలుస్తుండేదే, ఆ తెలియడం ఏమిటో మాత్రం ఏ కాగితంలోనూ రాలేదు. మీ నాన్న దాన్ని ఆత్మ అంటారు. నేను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

చెనక్కాయల పొడి, రాగిపిండి, నెయ్యి పార్సిల్ వేశాం, బుధవారానికి అందుతుంది. వాదించాలనుంటే ఫోన్ చెయ్, రాత్రి అన్నం తిన్నాకే.

మీ అమ్మ